నిజాంపేటలో సున్నా కేసులు

"సాల్మన్‌ది యాక్సిడెంట్ కాదమ్మా."

కౌంటర్ ఇంటెలిజెన్స్ చీఫ్ వెంకటనారాయణ టేబుల్ మీదుగా ఓ ఫోటో తోశాడు. నార్సింగి సర్వీస్ రోడ్డులో నుజ్జునుజ్జయిన బైక్.

ఏజెంట్ జెస్సికా ఫోటోను చేతిలోకి తీసుకుంది. ఆమే, సాల్మనూ ఒకే రోగాల నిఘా యూనిట్‌లో కెరీర్ మొదలుపెట్టారు. జ్వరాల గ్రాఫ్ చదవడం ఆమెకు నేర్పింది సాల్మనే. తర్వాత ఆమె గూఢచారి శాఖకు వచ్చింది. అతను హైటెక్ సిటీలోని 'జ్వరనేత్ర' కంపెనీలో చేరాడు. నగరంలోని ఆస్పత్రుల డేటా అక్కడికే వస్తుంది. ఎక్కడ రోగం ప్రబలినా మొదటి అలర్ట్ అక్కడినుంచే.

"ఓ విదేశీ ముఠా తాగునీటి ట్యాంకర్లలో ప్రాణాంతకమైన క్రిమి కలపబోతోంది. అలర్ట్ రాకుండా ముందే సిస్టమ్ కళ్ళకు గంతలు కట్టింది. సాల్మన్ కనిపెట్టాడు. ఎవరి పనో మనకు చెప్పేలోపే చంపేశారు. ట్యాంకర్లు ఈ సాయంత్రమే కదులుతాయి. ఎక్కణ్ణుంచో తెలిస్తే చాలు, మన టీమ్‌లు రోడ్ల మీదే ఉన్నాయి."

"లోపల మనోళ్ళు ఎవరన్న ఉన్నరా సార్?"

"హర్షిణి, డేటా హెడ్. నువ్వు 'మబ్బు పట్టింది' అనాలి. ఆమె 'గొడుగు తెచ్చాను' అంటుంది."

మధ్యాహ్నానికి జెస్సికా లావుపాటి కళ్ళద్దాలతో, కొత్తగా చేరిన అనలిస్ట్ వేషంలో జ్వరనేత్రలో అడుగుపెట్టింది. మెడలోని ఐడీ కార్డులో ట్రాకర్ ఉంది. పక్కనున్నవాళ్ళు ఎవరికి ఫోన్ చేసినా, అవతలి ఫోన్ ఎక్కడుందో చీఫ్ స్క్రీన్ మీద కనిపిస్తుంది.

"మబ్బు పట్టింది."

"గొడుగు తెచ్చాను." హర్షిణి నవ్వింది. నెమలికంఠం రంగు పట్టుచీర, ఖరీదైన సెంటు వాసన. "వెల్‌కమ్. మీ సిస్టమ్ రెడీ."

జెస్సికా డ్యాష్‌బోర్డ్ తెరిచింది. మ్యాప్ అంతా ప్రశాంతంగా, పచ్చగా ఉంది. నిజాంపేట దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. విరేచనాల కేసులు సున్నా.

ఇంత వానాకాలంలో, అన్ని హాస్టళ్ళున్న చోట సున్నా! ఆస్పత్రులు పంపిన ఒరిజినల్ డేటా లాగింది. వాంతులు, విరేచనాలు, ఐసీయూ. అందరూ హాస్టల్ పిల్లలే. ముఠా ముందుగా అక్కడే ట్రయల్ వేసింది. ఆ కేసులన్నిటినీ ఒక ఫిల్టర్ మింగేస్తోంది. అది పెట్టిన లాగిన్ హర్షిణిది.

"సాల్మన్ కూడా నన్నే నమ్మాడు."

వెనకనుంచి సైలెన్సర్ పిస్టల్ చల్లగా మెడకు తగిలింది. కేబిన్ తలుపు మూసి ఉంది. జెస్సికా తల తిప్పకుండానే మాట్లాడింది.

"ఇగ లాభం లేదు మేడం. లింగంపల్లిల మీ ట్యాంకర్లు దొరికినయ్."

"నాన్సెన్స్!"

"ఫోన్ చేసి చూస్కోరి."

ఒక్క క్షణం తటపటాయించి, పిస్టల్ దించకుండానే హర్షిణి డయల్ చేసింది. "అంతా ఓకేనా?"

"ఓకే మేడం. బయల్దేరుతున్నం."

జెస్సికా చెవిలోని ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు గరగరలాడింది. "నార్సింగి! టీమ్‌లు కదిలాయి!"

ఆ మాట హర్షిణికీ వినపడింది. లింగంపల్లి కబురు ఉత్త ఎర అని అర్థమైంది. ట్రిగ్గర్ మీద వేలు బిగిసేలోపే జెస్సికా పక్కకు వంగి, లాప్‌టాప్‌తో ఆమె మణికట్టు మీద బలంగా కొట్టింది. గుండు గోడలో దిగింది. కిందపడిన పిస్టల్‌ను ముందు జెస్సికానే అందుకుంది.

"కదలకు! సాల్మన్ నాకు అన్న లెక్క."

పిస్టల్ గురి తప్పకుండా, ఎడమచేత్తో ఫిల్టర్ డిలీట్ చేసింది. నిజాంపేట ఎర్రబడింది. నగరమంతటా అలర్ట్ మోగింది.

నార్సింగిలో కమాండోలు మొదటి ట్యాంకర్ మీదికి ఎగబాకేసరికి, డ్రైవర్ చేతిలోని క్రిమి క్యాన్ మూత అప్పటికే ఊడి ఉంది. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే ఆ నీళ్ళు ఐటీ కారిడార్ అంతా తాగేది.

సాయంత్రం అంబులెన్సులు నిజాంపేట వైపు పరుగెత్తుతుంటే, జెస్సికా కళ్ళద్దాలు తీసి మెట్ల మీద కూలబడింది. చీఫ్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"సార్, ఈ ఒక్కపూట నౌకరీని నా రెజ్యూమేల ఏమని రాయాలె?"

వెంకటనారాయణ సీరియస్‌గా ఆలోచించాడు.

"నోటీస్ పీరియడ్ పూర్తి చేయలేదని రాయమ్మా."