ఓపిక కమ్మ

కుజగ్రహం మీద అరుణపురం వెలిసి ఒక తరం దాటింది. గాజు గుమ్మటం కింద నాలుగు వీధులు, ఒక నీటి శుద్ధి కేంద్రం, ఒక సిద్ధాంతి. కుజుడి మీదే కాపురం పెట్టినవాళ్ళకి కుజదోషం చూడాలా వద్దా అన్న తగువు మాత్రం ఇంకా తేలలేదు. ఆ సంగతలా ఉంచితే, పీల్చే గాలిని కూడా పంచుకునే ఊరది. ఇంటికొచ్చిన మనిషిని "ఇక లేవండి" అనడం అక్కడ ఎవరివల్లా కాదు.

తరణి వల్ల అసలే కాదు. శుద్ధి కేంద్రంలో ఇంజనీరుగా ఉండగా, రెండేళ్ళ కిందట పనిచేస్తూ చేస్తూనే మెదడులో రక్తనాళం చిట్లి కూలిపోయింది. ప్రాణం దక్కింది, మాట దక్కింది, నడక దక్కింది. దక్కనిది ఓపికే. కాసేపు నలుగురితో మాట్లాడితే చాలు, తలలో సమ్మెట పోట్లు మొదలయ్యేవి. ఆ తర్వాత రెండు రోజులు చీకటి గదిలో పడుకోవాల్సిందే. గాయం పైకి కనబడదు కదా! వచ్చినవాళ్ళంతా "నీకేమమ్మా, నిక్షేపంలా ఉన్నావు" అంటూ కుర్చీ లాక్కునేవారు. ఈవిడ కూడా తక్కువ తినలేదు. "అబ్బే, బాగానే ఉన్నానండీ. కాఫీ తాగి వెళ్ళండి" అనేది.

"నీ జబ్బు సగం మెదడులో ఉంది, సగం మొహమాటంలో ఉంది" అంది డాక్టర్ రజియా. ఆ ఊరికి నాడీ శాస్త్రవేత్త, తరణికి చిన్ననాటి స్నేహితురాలు. "మొదటి సగానికి మందుంది. రెండో సగానికి యంత్రం చెయ్యాలి."

అలా తయారైందే ఓపిక కమ్మ. చూడ్డానికి మామూలు చెవికమ్మే. రక్తస్రావంతో దెబ్బతిన్న మెదడులో పాత దారులు తెగిపోతాయి. చిన్న మాట అర్థం చేసుకోవడానికి కూడా కబురు చుట్టుదారిన తిరిగి రావాలి. అందుకే త్వరగా అలసిపోతుంది. కమ్మలోని ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ మెదడు రక్తంలో ప్రాణవాయువు తగ్గడాన్ని, తలనొప్పి రాకముందే పసిగడుతుంది. ఓపిక ఉన్నంతసేపు పచ్చదీపం. అయిపోగానే ఎర్రదీపం, దానితోపాటు ఒక మాట: "ఇక చాలండీ, తరణి గారికి ఓపిక అయిపోయింది."

పక్కింటి గవర్రాజు బాబాయి మొదటిసారి ఆ మాట విని బిత్తరపోయాడు. మోకాలి ఆపరేషన్ కథ అప్పటికి మత్తుమందు దాకా వచ్చింది మరి! అయినా నెమ్మదిగా అందరికీ అలవాటైంది. తరణి చీకటి గది ముఖం చూడటం తగ్గించింది. సాయంత్రాలు పాట పాడుకునేది కూడా.

ఆ హుషారులోనే తమ్ముడు విహారి పెళ్ళి కుదిరింది. పెళ్ళి దూరాన ఉన్న ధ్రువనగరంలో. ఎర్రరాళ్ళ మీద అక్కడికెళ్ళే బండి కుదుపులు తరణి తల తట్టుకోదు, వెళ్ళలేకపోయింది. అయితే గృహప్రవేశం మాత్రం అరుణపురంలో, ఆమె ఇంట్లోనే. కొత్త జంట గుమ్మం దాటేముందు అడ్డం నిలబడి, ఇద్దరి చేతా పేర్లు చెప్పించిగానీ లోపలికి రానివ్వని హక్కు ఆడపడుచుది.

"పెళ్ళి ఎలాగూ చూడలేదు. ఆ గుమ్మం ఒక్కటైనా నాకు దక్కనివ్వు రజియా" అంది తరణి.

"కమ్మ ఉందిగా, భయమెందుకే?"

ఆ రోజు పొద్దుటే ఇల్లు నిండిపోయింది. గవర్రాజు మోకాలి కథ మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. పచ్చదీపం వెలుగుతూనే ఉంది. ఓహో, ఇవాళ నా ఒంట్లో ఎంత ఓపిక ఉందో అని తరణి మురిసిపోతూ అందరితో మాట్లాడింది. అంతలోనే కళ్ళు బైర్లు కమ్మాయి. రజియా పరుగున వచ్చి ఆమెను లోపలిగదిలో పడుకోబెట్టి, కమ్మను చేతిలోకి తీసుకుంది.

"తరణికి ఎంత ఓపిక మిగిలింది?"

"పదోవంతు కూడా లేదండీ" అంది కమ్మ.

"మరి పచ్చదీపం ఎందుకు వెలిగించావు?"

కమ్మ కాస్త తటపటాయించింది. "గవర్రాజు గారు కథ మధ్యలో ఉన్నారు. ఆపితే ఏమైనా అనుకుంటారేమోనని..."

రజియా నెత్తి కొట్టుకుంది. "నిన్ను బాధపెట్టకుండా మసలుకోవడం నేర్చుకొమ్మని దీనికి నేనే చెప్పానే! ఎవరినైనా పంపించిన ప్రతిసారీ 'అయ్యో, నొచ్చుకున్నారేమో' అని నీ గుండె దడదడలాడేది. తలనొప్పి కన్నా అదే పెద్ద బాధ అనుకుంది కాబోలు. యంత్రానికి కూడా మొహమాటం అంటించావు కదే తల్లీ!"

నవ్వితే తల పగిలిపోతోంది. అయినా తరణికి నవ్వు ఆగలేదు. ఇంతలో విహారి బండి గుమ్మటం ద్వారం దగ్గరి గాలిగది దాకా వచ్చేసిందని కబురు. హాల్లో ఒకటే సందడి. తరణి గోడ పట్టుకుని లేచి, హాల్లోకి వచ్చింది.

"బాబాయ్, ఏమీ అనుకోకండి..." అని ఆగింది. "కాదు, అనుకుంటే అనుకోండి. నాకు ఓపిక లేదు. మిగిలిన కాస్తా గుమ్మం దగ్గరికి కావాలి. దయచేసి అందరూ వీధిలో కూర్చోండి."

ముందుగా తేరుకున్నది గవర్రాజే. "ఓసి నీ అసాధ్యం కూలా! ఆ ముక్క ముందే అనొచ్చు కదమ్మా. మధ్యలో లేస్తే నువ్వు చిన్నబుచ్చుకుంటావని, నేను కథ సాగదీసి సాగదీసి చస్తున్నాను!"

కొత్త జంటను బండిలోనే కూర్చోబెట్టి పానకం అందించారు. తరణి చీకట్లో కళ్ళు మూసుకుని పడుకుంది. కాసేపటికి లేచి, కమ్మ మళ్ళీ పెట్టుకుని, గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని దర్జాగా కూర్చుంది. ఊరంతా బండి దిగి వచ్చిన కొత్త జంట వెనక నిలబడి గుసగుసలాడుతోంది.

"పేర్లు చెప్పండి, దారి వదులుతాను."

"నా భార్య కిన్నెరతో వచ్చానక్కా" అన్నాడు విహారి, అక్క తలనొప్పికి జడిసి మెల్లగా.

"వినబడలేదు."

కిన్నెర ఇంకా దగ్గరికొచ్చి, "మా ఆయన విహారితో వచ్చాను వదినా" అంది మరీ మెల్లగా.

"ఊహూఁ. ఇంకోసారి!"

గట్టిగా చెబితే తలనొప్పి, మెల్లగా చెబితే వినబడదంటుంది. ఇద్దరూ వంగి ఆమె చెవి దగ్గరే చెప్పారు. జనం నోళ్ళకు చేతులడ్డం పెట్టుకుని నవ్వారు. అప్పుడు వెలిగింది ఎర్రదీపం, ఆమె గుండెలో ఆ దడ లేదు కాబట్టి ఈసారి నిజాయితీగా.

"ఇక చాలండీ..." అనబోయింది కమ్మ.

"తెలుసులేవే. రేపు పడుకుంటాను. ఇది మొహమాటం కాదు, నా ముచ్చట" అని, తరణి ఇంకో రెండుసార్లు చెప్పించుకుని, తృప్తిగా దారి వదిలింది. ఆమె కళ్ళు చెమర్చాయి.

మర్నాడు ఆమె నిద్ర చెడకుండా గవర్రాజు వీధిగుమ్మంలో కాపలా కూర్చున్నాడు. వచ్చిన ప్రతివాళ్ళనూ ఆపి, "తరణికి ఓపిక లేదు, తర్వాత రండి" అని చెప్పి పంపించాడు. ఆ ఒక్క మాట చెప్పడానికి ఒక్కొక్కరినీ అరగంటసేపు కూర్చోబెట్టుకున్నాడు. పాపం, లేచి వెళ్ళిపోతే ఏమనుకుంటాడోనని, వాళ్ళూ కూర్చున్నారు.