కొప్పులో పెన్సిలు

ఆ ఇంట్లో పొద్దున్నే ఫ్రిజ్ ఆపేశారు. దాని గురగుర మైకులోకి వచ్చేస్తుంది మరి. కూతురు గోడ గడియారం తీసుకెళ్ళి పరుపు కింద పెట్టింది, ఫ్యాను కట్టేసింది, వీధివైపు కిటికీకి దుప్పటి కట్టింది. రేడియోలో రచయితలతో, సినిమా దర్శకులతో ముచ్చటించే కార్యక్రమం ఆమెది. ఎవరెవరి ఇళ్ళకో వెళ్ళి చేసే ఆ పని ఇవాళ సొంత ఇంట్లోనే చేయాల్సి వచ్చింది.

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతుకుతావేమమ్మా? మీ అమ్మగారి నవల సినిమా అవుతోంది. ఆవిణ్ణీ, దర్శకుణ్ణీ కూర్చోబెట్టి మాట్లాడించు" అన్నాడు స్టేషన్లో పైఅధికారి. ఆమె కాదనలేదు. ఆమె లెక్క ఆమెకుంది.

అమ్మ అద్దం ముందు కొప్పు చుట్టుకుని, అలవాటుగా అందులో పెన్సిలు గుచ్చుకుంది. ఎవరి నోట మంచి మాట వినబడినా ఆ పెన్సిలు కాగితం మీదికి దిగుతుంది. బస్సులో ఎవరో తిట్టిన తిట్టు, పక్కింటావిడ ఏడుపు, ఏదీ వృథాగా పోదు.

"పిచ్చుకా, ఈ రంగు నాకు నప్పిందంటావా?"

"రేడియోలో రంగు కనబడదమ్మా."

"సినిమా ఒప్పందం మీద సంతకాలు కూడా ఇవాళేగా. దర్శకుడికి కనబడుతుంది."

పిచ్చుక అన్నది, చిన్నప్పుడు గలగలా వాగుతుండేదని అమ్మ పెట్టిన ముద్దుపేరు. ఇప్పుడా పిచ్చుక ఇంట్లో నోరు విప్పితే వచ్చేవి రెండే మాటలు: తిన్నాను, వెళ్ళొస్తాను.

అందుకు కారణం ఆ నవలే. కాపురంలో ఊపిరాడని రోజుల్లో ఆమెకు ఐదో నెలలో కడుపు పోయింది. అత్తింట్లో అందరూ ఏడ్చారు. ఆమెకు మాత్రం, ఇక ఈ ఇంట్లోంచి బయటపడొచ్చని, 'హమ్మయ్య' అనిపించింది. ఆ మాట లోకంలో ఒక్క అమ్మకే చెప్పుకుంది, వంటింట్లో, ఆవిడ ఒడిలో తల పెట్టుకుని. ఏడాది తిరిగేసరికి అది అచ్చులో కనబడింది. కథలో అమ్మాయి పొట్టిగా ఉంటుంది, బ్యాంకులో పనిచేస్తుంది. హమ్మయ్య మాత్రం అదే. పుస్తకాలు చదివేవాళ్ళు పిడికెడుమందే కదా అని పళ్ళ బిగువున ఊరుకుంది. సినిమా అలా కాదు. ఒకప్పటి అత్తగారి దగ్గర్నుంచి ఆఫీసులో టీ ఇచ్చే మనిషి దాకా చూస్తారు, చూసి ఎవరి కథో పోల్చుకుంటారు. ఆ ఒక్క సన్నివేశం తెరమీదికి రాకూడదు. సంతకాలకు ముందే, దర్శకుడి ఎదుటే, అమ్మ చేత వద్దనిపించాలి.

దర్శకుడు వచ్చాడు. సన్నటి మనిషి, మాట నెమ్మది. భోజనాల బల్ల మీద రికార్డరు పెట్టుకుని ముగ్గురూ కూర్చున్నారు.

"ఈ నవలలో మిమ్మల్ని అంతగా పట్టుకున్నదేమిటి?" అని కూతురు మామూలు గొంతుతోనే మొదలుపెట్టింది.

"ఒకే ఒక్క మాటండీ. ఆసుపత్రి మంచం మీద ఆ అమ్మాయి హమ్మయ్య అనుకుంటుంది చూశారా, సినిమా మొత్తం దానికోసమే తీస్తున్నాను. అక్కడ కెమెరా ఆ మొహం మీంచి కదలదు."

అమ్మ మొహం వెలిగిపోయింది. కూతురు ప్రతి రచయితనూ అడిగే ప్రశ్నే ఆవిణ్ణీ అడిగింది.

"ఆ మాట మీకెక్కడ దొరికింది?"

"దొరకడమేమిటి? రాస్తుంటే దానంతటదే తోచింది."

కూతురికి ఒళ్ళు మండిపోయింది.

"తోచిందా? నీ ఒడిలో తల పెట్టుకుని నేనేడుస్తుంటే తోచిందా అమ్మా?"

దర్శకుడు గ్లాసు ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు.

"ముందు ఆ రికార్డరు ఆపు" అంది అమ్మ.

"ఆపను. ఆ సన్నివేశం వద్దని ఆయనతో చెప్పు."

"నవలకు ప్రాణమే అది. ఎంతమంది ఆడవాళ్ళు నన్ను పట్టుకుని ఏడ్చారో తెలుసా, ఇది మా మాటేనమ్మా అని?"

"వాళ్ళందరూ నిన్ను పట్టుకుని ఏడుస్తుంటే, ఇక నాకు చోటేది?"

"నీ పేరు రాశానా, ఊరు రాశానా? నా కడుపున పుట్టినదానివి. నీ కష్టం నాది కాదా?"

"నీదైతే నువ్వెందుకు ఏడవలేదు? ఆ రోజు నా తల నిమురుతూ నిమురుతూ చెయ్యి తీసేశావు. ఎందుకు తీశావో పుస్తకం వచ్చాక తెలిసింది."



ఎవరితో మాట్లాడినా చివర్లో ఆ గది నిశ్శబ్దాన్ని కాసేపు రికార్డు చేసుకోవడం కూతురి పద్ధతి. మాటలు కత్తిరించి అతికే చోట అది అవసరమవుతుంది. ఇంకేం చేయాలో తోచక, ఇప్పుడూ అదే అంది. "గది నిశ్శబ్దం తీసుకోవాలి. ఎవరూ కదలకండి."

ముగ్గురూ బొమ్మల్లా కూర్చున్నారు. కూతురి కళ్ళలోంచి చప్పుడు లేకుండా నీళ్ళు కారిపోతున్నాయి. అమ్మ ఆ మొహాన్నే చూస్తోంది. చూస్తూ చూస్తూ ఆవిడ చెయ్యి మెల్లగా కొప్పు మీదికి వెళ్ళింది.

"రాసుకో అమ్మా. ఇదీ బాగా పండుతుంది" అంది కూతురు.

అమ్మ ఉలిక్కిపడి తన చేతిలోని పెన్సిలు వంక చూసుకుంది. ఎప్పుడు తీసిందో ఆవిడకే తెలియదు. దొంగసొత్తుతో దొరికిపోయిన మనిషిలా ముఖంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది.

"ఆ సన్నివేశం తీసేయండి" అంది దర్శకుడితో.

"అది లేకపోతే నాకీ సినిమా లేదు మేడమ్."

"అయితే లేదు."

జీవితమంతా రాసి రాసి వేళ్ళు అరగదీసుకున్న ఆవిడ గుమ్మంలోకి మొదటిసారి వచ్చిన అదృష్టం, బ్యాగు సర్దుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. కూతురు పంతం నెగ్గించుకుంది. హమ్మయ్య అనిపిస్తుందేమోనని చూసుకుంది. అనిపించలేదు.

ఆ గొడవలో ఫ్రిజ్ మళ్ళీ వేయడం ఎవరికీ గుర్తులేదు. తెల్లారి చూస్తే పాలు విరిగిపోయాయి.

"పిచ్చుకా, టీకి పాలు లేవే" అంది అమ్మ, సింకు దగ్గర గిన్నెలు తోముతూ.

"ఆఫీసులో తాగుతాలే. వెళ్ళొస్తాను."

"ఇంకేమైనా చెప్పవే."

"ఏం చెప్పను?"

"ఏదో ఒకటి." అంది అమ్మ. "నా చేతులు ఖాళీగా లేవు."

కూతురు గుమ్మంలో ఆగి వెనక్కి చూసింది. అమ్మ చేతులు మోచేతుల దాకా సబ్బునీళ్ళలో ఉన్నాయి. తలకు కొప్పు లేదు. జుట్టంతా వెనక్కి లాగి జడ అల్లుకుంది, పుల్ల గుచ్చడానికి కూడా చోటు లేకుండా. నిన్నటి కోపం ఇంకా కడుపులో అలాగే ఉంది. అయినా బ్యాగు కింద పెట్టి, వెళ్ళి అమ్మ పక్కన నిలబడింది.

"నువ్వు రాసింది సగమేనమ్మా. హమ్మయ్య అనుకున్నది నిజమే. కానీ ఆ బిడ్డకు నేను పేరు పెట్టుకున్నాను. అది నీకు కూడా చెప్పలేదు."

గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అమ్మ చేతులు మాత్రం నీళ్ళలోంచి బయటకు రాలేదు.

"చెప్పవే తల్లీ."

కూతురు వంగి అమ్మ చెవిలో చెప్పింది. అమ్మ భోరుమంది. తడి చేతులతో కళ్ళు తుడుచుకోలేకపోతుంటే, కూతురే తన అరచేత్తో తుడిచింది.

ఆ పేరేమిటో ఈ కథలో కూడా రాయడం లేదు.