ఒక్క నిమిషం, అయ్యగారూ

రోజలిన్‌ని నేను మొదటిసారి చూసింది ఆమె ప్రధానం రోజున. ప్రధానమంటే మా క్రైస్తవుల ఇళ్ళల్లో నిశ్చితార్థం. పెళ్ళికొడుకుని నేను కాదు. నేను మైకు సెట్టువాణ్ణి.

అనకాపల్లి రింగురోడ్డులో 'జెఫ్రీ సౌండ్స్' అని బోర్డు కనిపిస్తే అది నా షాపే. నూకాలమ్మ జాతర నుంచి క్రిస్మస్ దాకా ఊళ్ళో ఎవరు గొంతెత్తాలన్నా నా పెట్టెల్లోంచే ఎత్తాలి. అంత గొప్పవాణ్ణీ మైకులో 'హలో, వన్ టూ త్రీ' తప్ప ఇంకో ముక్క మాట్లాడి ఎరగను.

రెండువేల మూడు, నవంబరు నెల, వాయుగుండం వాన. అయినా చర్చి నిండా జనం. మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. ఉంగరాలు మార్చుకునే ముందు, మేం అయ్యగారని పిలిచే పాస్టరుగారు ఇద్దర్నీ 'నీకు ఇష్టమేనా' అని అడుగుతారు. ఇద్దరూ అందరికీ వినబడేలా నోటితో చెప్పాలి. నక్కపల్లి నుంచి వచ్చిన పెళ్ళికొడుకు ఠక్కున చెప్పేశాడు. నేను వంగి మైకు ఆమె ముందు పెట్టాను.

ఆమె నోరు తెరిచింది గానీ మాట రాలేదు. పక్కనే ఉన్నాను కనుక నాకు కనిపించింది. పై పెదవి మీద చెమట, చేతివేళ్ళలో వణుకు. 'గట్టిగా చెప్పమ్మా' అన్నారెవరో వెనకనుంచి. అంతే, ఆమె తిరిగి పరుగు తీసింది. నా కేబుల్ ఆమె కాలికి చుట్టుకుంది. స్టాండు పడింది, యాంప్లిఫయర్ పడింది, దాన్ని పట్టుకోబోయి నేనూ పడ్డాను. లేచి చూసేసరికి గుమ్మం అవతల వానలో ఆమె చీర కొంగు మాత్రం కనిపించింది.

నక్కపల్లివాళ్ళు భోజనం కూడా చెయ్యకుండా వ్యానెక్కేశారు. బిరియానీ గిన్నెల మూతలు తియ్యనే లేదు.

ఊరు ఊరంతా ఒకే మాటమీద నిలబడింది. అమ్మాయి మనసులో ఎవడో ఉన్నాడు. ఇక వాడికోసం వెతుకులాట మొదలైంది. ఆమె పనిచేసే స్కూల్లో లెక్కల మాస్టారి మీద కొన్నాళ్ళు అనుమానం నడిచింది. ఆ రోజు ఆమె కాళ్ళ దగ్గరే పడ్డాను కనుక నా మీద కూడా ఒక పూట నడిచింది గానీ, నా మొహం చూసి వాళ్ళే వదిలేశారు.

మళ్ళీ ఆమెను చూసింది ఆ స్కూలు యాన్యువల్ డేకి మైకు కట్టడానికి వెళ్ళినప్పుడు. ఆమె అక్కడ సైన్స్ టీచర్. నన్ను చూడగానే తల తిప్పుకుంది. నేను ఊరుకుంటే బావుండేది. ఊరుకోలేదు.

"టీచర్ గారూ, ఈసారి కేబుల్ గోడవారగా వేశానండి. పారిపోవాలంటే దారి క్లియర్‌గా ఉంది."

ఆమె నావైపు ఎంత కోపంగా చూసిందంటే, ఆ ఏడాది ఆ స్కూలు బేరం పోయినట్టేననుకున్నాను. అంతలో ఆమెకే నవ్వొచ్చేసింది.

ఆ నవ్వు మధ్యలో మైకు కుయ్యిమని కూత పెట్టింది. పిల్లలు చెవులు మూసుకుని, అలా ఎందుకరుస్తుందని ఆమెనే అడిగారు. స్పీకర్లోంచి వచ్చిన చప్పుడు మళ్ళీ మైకులో దూరుతుందని, యాంప్లిఫయర్ దాన్ని ఇంకా పెద్దది చేసి స్పీకరుకి పంపుతుందని, అలా తిరిగి తిరిగి చివరికి ఎవరూ మాట్లాడకపోయినా కూత ఆగదని ఆమె చెప్పింది. పిల్లలు వెళ్ళాక ఆమె కేబుల్ చుట్ట మీద కూర్చుని, నావైపు చూడకుండానే అంది.

"నాకూ ఆరోజు అదే అయింది జెఫ్రీ గారూ. ఇష్టం లేక కాదు."

తర్వాత అంతా చెప్పింది. ముందు గుండె కాస్త దడగా కొట్టుకుందట. ఆ దడ తనకే వినబడి, ఇదేటో అయిపోతోందని భయమేసిందట. భయానికి దడ పెరిగింది, దడకి భయం పెరిగింది, గొంతు మూసుకుపోయింది. దానికి తలా ఒక పేరు పెట్టారు. వాళ్ళమ్మ స్వర్ణకుమారిగారు గ్యాసని వాము నీళ్ళు పట్టించారు. హెడ్మాస్టరుగా రిటైరైన నాన్నగారు కృపాకర్ పిరికితనమన్నారు. పక్కింటి దేముడమ్మ దిష్టని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో పడేసింది. చర్చిలో ఆడవాళ్ళు విశ్వాసం చాలదని ఉపవాసం ఉండమన్నారు. చివరికి విశాఖలో డాక్టరమ్మ ఇసీజీ తీసి, గుండె బ్రహ్మాండంగా ఉంది, ఇది ఎంగ్జైటీ అని చెప్పింది. స్వర్ణకుమారిగారు ఇంటికొచ్చి అది బీపీకి చెల్లెలి వరస అని వీధంతా చెప్పుకున్నారు.

పారిపోయిన ప్రతిసారీ, పారిపోబట్టే బతికానని ఒళ్ళు అనుకుంటుందని ఆ డాక్టరమ్మ అందట. కదలకుండా నిలబడితే అది ఎంత ఎత్తుకెళ్ళినా దానంతటదే దిగుతుందని కూడా చెప్పిందట.

"అందరూ పేర్లు పెట్టేరు. దిగేదాకా పక్కన నించున్నోళ్ళే లేరు," అంది రోజలిన్.

ఆ మాటకి నేను పడిపోయాను. ఈసారి కేబుల్ అడ్డం లేకుండానే.

ఆ తర్వాత శనివారం సాయంత్రాలు ఆమె మా షాపుకి రావడం మొదలెట్టింది. మైకు ముందు నిలబడి మాట్లాడ్డం అలవాటు చేసుకోవాలని పట్టుదల. మా అక్క మొగుడు స్టీవెన్ బావ యాంప్లిఫయర్ దగ్గర కూర్చునేవాడు. ఆమె నాకు ఒకే ఒక్క రూలు పెట్టింది. 'కంగారు పడకు' అనే మాట అనకూడదు. కాబట్టి నేను నోరు మూసుకుని పక్కన నిలబడేవాణ్ణి. చూరులోంచి వాననీళ్ళు కారుతుంటే, బావ తెచ్చిన మాడుగుల హల్వా చేతిలో పట్టుకుని, ఆ దడ ఎక్కడిదాకా వచ్చిందో ఆమె వార్తలు చదివినట్టు చెప్పేది. ఇప్పుడు ఛాతీలో ఉంది, ఇప్పుడు భుజాల దాకా వచ్చింది, ఇదిగో దిగుతోంది. దిగాక హల్వా తినేది. నా వాటా కూడా.

ఒకనాడు బావ టీకి వెళ్ళాడు. నేను స్విచ్ కట్టేసి ఉన్న మైకు ఆమె ముందు పెట్టాను. నా దడ నాకు వినబడుతోంది.

"నీకు ఇష్టమేనా?"

ఆమె ముందు వంగి స్విచ్ కట్టేసి ఉందో లేదో చూసుకుంది.

"ఇష్టమే," అంది. "స్విచ్ వేసి అడిగితే మాత్రం ఏటవుద్దో నాకు తెల్దు."

సంగతి బయటికి రాగానే ఊళ్ళోవాళ్ళు తెగ సంబరపడ్డారు. మేం అప్పుడే అనుకున్నాం, వాడే వీడు అన్నారు. నన్ను మొహం చూసి వదిలేసినవాళ్ళు కూడా.

మా పెద్దవాళ్ళకి మాత్రం సంబరం లేదు. మళ్ళీ అలా జరిగితే ఇక చర్చి గడప తొక్కనన్నారు కృపాకర్‌గారు. నక్కపల్లివాళ్ళకి పట్టిన గతే మనకీ పడితే ఏం చేస్తావని మా అమ్మ నన్నడిగింది. పాస్టరుగారు మంచివారు. ప్రధానం ఇంట్లోనే చేద్దాం, తల ఊపితే చాలన్నారు. ఈ బేరం నాకు నచ్చింది. అదే రోజలిన్‌తో చెప్పాను. ఆమె మొహం ఎర్రబడింది.

"నువ్వూ వాళ్ళలాగే అంటన్నావా? తల ఊపితే, బలవంతంగా ఒప్పించేరంటారు. నా ఇష్టం నేనే సెప్పుకోవాలి జెఫ్రీ. ఎంతసేపైనా సరే."

"ఎంతసేపైనా నేనుంటాను," అన్నాను.

రెండువేల అయిదు జూన్‌లో ప్రధానం అదే చర్చిలో పెట్టుకున్నాం. వాన కూడా పిలిచినట్టే వచ్చింది. దేముడమ్మతో సహా వీధి మొత్తం దిగింది. కొందరు దీవించడానికి, ఎక్కువమంది చూడ్డానికి. నేను కొత్త సూటులో నిలబడ్డాను. మైకు స్టీవెన్ బావ పట్టుకున్నాడు.

పాస్టరుగారు ముందు ఆమెనే అడిగారు. "రోజలిన్, నీకు ఇష్టమేనా?"

మళ్ళీ అదే చెమట, అదే వణుకు. బెంచీలు కిర్రుమన్నాయి. స్వర్ణకుమారిగారు నీళ్ళ బాటిల్ పట్టుకుని లేచారు. కృపాకర్‌గారు కళ్ళు మూసుకున్నారు. ఆమె చూపు గుమ్మంవైపు వెళ్ళింది. దారి క్లియర్‌గానే ఉంది. 'కంగారు పడకు' అనే మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. అయినా ఆమె పెట్టిన రూలు నేను తప్పలేదు.

ఆమె చూపు గుమ్మం నుంచి వెనక్కి తెచ్చుకుంది. చెయ్యెత్తి వాళ్ళమ్మని ఆపి, మైకులోనే చెప్పింది.

"ఒక్క నిమిషం, అయ్యగారూ. నాకు గాబరాగా ఉంది. తగ్గేక సెప్తాను."

అలాంటి మాట ఆ చర్చిలో అంతవరకూ ఎవరూ పైకి అని ఉండరు. ఆ గాబరా ఎరగనివాళ్ళు మాత్రం అక్కడ ఎంతమంది ఉంటారు? లేచినవాళ్ళు కూర్చున్నారు. పాస్టరుగారు పుస్తకం మూసి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. బయట వాన వినబడుతోంది. ఆమె నావైపు కాస్త తిరిగి, నాకు మాత్రమే వినబడేలా అంది. "భుజాల దాకా వచ్చింది." కాసేపటికి మళ్ళీ, "దిగుతోంది."

తర్వాత తల నిటారుగా ఎత్తింది.

"నాకు ఇష్టమే, అయ్యగారూ. శానా ఇష్టం."

చర్చిలో చప్పట్లు కొట్టకూడదు. కొట్టారు. కృపాకర్‌గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, వెనక బెంచీ వాళ్ళకి కూడా వినబడేలా 'నా కూతురు' అన్నారు. నాకైతే అంత ఆనందం మళ్ళీ పెళ్ళిరోజున కూడా కలగలేదు.

ఆ ఆనందంలో పాస్టరుగారు నావైపు తిరగడం గమనించలేదు. బావ మైకు నా నోటి ముందు పెట్టాడు. ఊళ్ళో అందరి నోటి ముందూ పెట్టే నా మైకే. ఎదురుగా అన్ని మొహాలు. నాలుక అంగిలికి అంటుకుంది. చివరికి నోటివెంట వచ్చింది ఇదీ.

"హలో... వన్ టూ త్రీ."

చర్చి గొల్లుమంది. నవ్వంతా సద్దుమణిగేదాకా రోజలిన్ నా చెయ్యి పట్టుకునే ఉంది.

"ఆగు," అంది మెల్లిగా. "దిగుద్ది. నేను ఇక్కడే ఉన్నాను."

దిగింది. దిగాక గట్టిగా చెప్పాను, ఇష్టమేనని. పైన రేకులు మోగాయి. బావ వాల్యూమ్ తగ్గించడం మర్చిపోయాడు.

"ఇద్దరికీ ఒకటే జబ్బు. జోడీ బాగా కుదిరింది," అంది దేముడమ్మ వెనకనుంచి.

ఆ రోజు బిరియానీ తినకుండా ఒక్కరు కూడా వెళ్ళలేదు.