జాగరి కొండెక్కిన ఇంజను సైకిలు

గంధవరం రాజ్యంలో ఒకనాటి ఉదయం కోళ్ళు కూయలేదు. పొద్దు బారెడు పైకి వచ్చినా ఏ వాకిట్లోనూ కళ్ళాపి చప్పుడు వినిపించలేదు. జాగరి కొండ మీది నుంచి పొగడపూల వాసన వేసే లేత గులాబీరంగు మంచు దిగివచ్చి ఊళ్ళన్నిటినీ కప్పేసింది. ఎవరు ఎక్కడ ఉన్నారో అక్కడే నిద్రలోకి జారిపోయారు. సింహాసనం మీద చిత్రబాహు మహారాజు, వెనక వింజామర పట్టిన దాసి, వీధిలో ఏనుగు, ఏనుగు మీద మావటి, అందరికీ ఒకటే నిద్ర.

ఆ వేళకు పైడి అనే పిల్ల ఊళ్ళో లేదు. ఏటి అవతలి సంతలో తాటిబెల్లం అమ్మి, తండ్రి తొక్కిన పాత సైకిలు మీద తిరిగి వస్తోంది. మంచులోకి రాగానే ఆమెకూ రెప్పలు బరువెక్కాయి. తొక్కడం ఆపితే నిద్ర ముంచుకొస్తోంది, తొక్కితే తేలిపోతోంది. కాళ్ళు ఆడినంతసేపే ఆ మంచులో మెలకువ ఉంటుందని పిల్లకు అర్థమైంది. ఇంటి దగ్గర సైకిలు దిగి, నిలబడ్డచోటే అడుగులు వేస్తూ లోపలికి చూసింది. తల్లి సన్యాసమ్మ ఒళ్ళో చేటతో గోడకు ఒరిగి ఉంది.

"అమ్మా! ఓలమ్మా! లెగే!" అని భుజం పట్టి కుదిపింది. సన్యాసమ్మ కలలో ఎవరినో చూసి నవ్వింది కానీ కళ్ళు తెరవలేదు. ఆమె చేతివేళ్ళు మంచులాగే పలచబడి, వాటి గుండా వెనక గోడ కనిపిస్తోంది.

పైడి వెంటనే సైకిలెక్కి మంచు ఇంకా చేరని ఏటిగట్టున ఉండే చక్రాల ముని దగ్గరకు దూసుకుపోయింది. ఆ ముని ఆశ్రమంలో చెట్ల కొమ్మలకు పాత సైకిలు చక్రాలు వేలాడుతూ, గాలికి పిట్టల్లా కిలకిలమంటూ తిరుగుతుంటాయి.

"అది జాగరి అనే రాక్షసి ఊపిరి తల్లీ" అన్నాడు ముని. "ఆమెకు నిద్ర లేదు. ఆమె కన్ను మూస్తేనే మీవాళ్ళు కన్ను తెరుస్తారు. ఒకసారి నిద్రపోయిందా, యుగం గడిచేదాకా లేవదు. ఆలస్యమైతే మాత్రం మీవాళ్ళంతా మంచులో మంచై కరిగిపోతారు."

"అయితే నానే ఎల్తాను సామీ."

"కొండ నిటారుగా ఉంటుంది. ఉత్త కాళ్ళతో తొక్కితే సగంలో అలిసిపోతావు. ఆగితే నిద్రే కదా!"

ముని పెట్టె తెరిచి బూడిద గుమ్మడికాయంత ఇంజను ఒకటి బయటికి తీశాడు. ఎప్పటిదో పాతది, పొగకు నల్లబడింది. దాన్ని సైకిలు ముందు చక్రం పైన బిగించి, మిణుగురుల తేనె నింపాడు.

"ఇది ఏ సైకిలు మీదైనా కూర్చుంటుంది. దీని అడుగున ఉన్న రాతి రోలరు టైరును ఒరుసుకుంటూ చక్రాన్ని తిప్పుతుంది. ముందు నువ్వు తొక్కి వేగం అందుకో. తరువాత ఈ పిడి వంచి ఇంజనును టైరు మీదకు దించు. ఎత్తు వచ్చిందా, నువ్వూ తొక్కాలి. ఇద్దరూ పడితేనే కొండ!"

కొండ మొదట్లో పైడి ఒక పని చేసింది. వాళ్ళింట్లో కొత్త వస్తువు ఏదొచ్చినా పూజ చేయందే వాడరు. అందుకని అడుగులు వేస్తూనే, సంతలో కొన్న పసుపు ఇంజనుకు రాసి, బొట్టు పెట్టి, చక్రానికి చుట్టూ నువ్వులనూనె పట్టించి దండం పెట్టింది. ఆ తరువాత తొక్కి, పిడి వంచింది. ఇంజను గుర్రుమంది కానీ బండి ముందుకు పోలేదు. రోలరు తిరుగుతోంది, చక్రం మాత్రం జర్రున జారుతోంది.

అంతలో పొదలోంచి దూడంత ఏదుపంది ఒకటి ముళ్ళు విప్పుకుని బయటికి వచ్చింది.

"ఈ దారిన వచ్చే చక్రాలకు చిల్లులు పొడవడం జాగరి దగ్గర నా కొలువు. ఆగు... ఇదేమిటే? పెళ్ళికొడుక్కి నలుగు పెట్టినట్టు టైరుకు నూనె రాశావా?"

"పూజ చేసినాను. అది తప్పేటి?"

"ఒరుసుకుని తిరగాల్సినదానికి నూనె రాస్తే జారిపోదూ! మంగళస్నానం కూడా చేయించు మరి!" అంటూ ఏదుపంది పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి వెల్లకిలా పడి దొర్లింది. దాని ముళ్ళన్నీ నేలలో దిగబడి లేవలేకపోయింది. ఈలోగా పైడి అడుగులు వేస్తూనే దోసెడు దుమ్ము తీసి టైరుకు రుద్ది, కొంగుతో తుడిచింది. ఈసారి రోలరు పట్టుకుంది. ఇంజను లాగింది, పైడి తొక్కింది. గులాబీ మబ్బుల మధ్య నుంచి సైకిలు తుమ్మెదలా పైకి పోయింది.

కొండ నెత్తిన పచ్చిక బయలులో తాటిచెట్టంత జాగరి కూర్చుని ఉంది. ఆమె ఊపిరి తగిలి జుట్టే మంచుగా మారి నలువైపులా జారుతోంది. పక్కనే వీణలు పట్టుకున్న గంధర్వులు గురక పెడుతున్నారు. పైడి ఆగకుండా ఆమె చుట్టూ గిరగిరా తిరగసాగింది.

"తిరగకే పిల్లా, నాకు కళ్ళు తిరుగుతున్నాయి!"

"ఆగితే పడి నిద్దరోతాను గదా పెద్దమ్మా! మావోళ్ళను ఎందుకిలా చేసినావు?"

"మీ గోలకు నిద్రపట్టక అందరినీ నిద్రపుచ్చాను. ఇప్పుడీ నిశ్శబ్దం చెవులు కొరుకుతోంది. జోల పాడమని గంధర్వులను పిలిస్తే నాకంటే ముందు వాళ్ళే పడుకున్నారు." జాగరి చటుక్కున చెవి రిక్కించింది. "ఆ గుర్రుగుర్రు ఏమిటే? బాగుందే!"

"ఇంజను. ఎనకాల కూకుంటావా?"

జాగరి కుంచించుకుపోయి ముసలమ్మంత అయింది. మంచు కనుక ఆమెకు బరువు లేదు. క్యారేజీ మీద కూర్చుని పైడి నడుం పట్టుకుంది. ఇంజను అదురు సన్నగా ఆమె ఒళ్ళంతా పాకింది. గడ్డం పైడి వీపుకు ఆనింది. "ఆపకే..." అని ఆవులించింది. ఆ ఆవులింతకు లోయలోని మంచు కొంత వెనక్కి వచ్చి ఆమె నోట్లోకి పోయింది.

అప్పుడే ఇంజను దగ్గి ఆగిపోయింది. మిణుగురుల తేనె అయిపోయింది!

"ఆగిందేమే?" జాగరి రెప్పలు మళ్ళీ విచ్చుకుంటున్నాయి.

పైడికి తల్లి వేళ్ళు గుర్తొచ్చాయి. పిడి ఎత్తి ఇంజనును టైరు మీద నుంచి లేపేసింది. బలంకొద్దీ తొక్కుతూ, నోటితోనే "గుర్ర్ర్... గుర్ర్ర్..." అని మొదలుపెట్టింది. గొంతు ఎండిపోయింది, పిక్కలు మండాయి. అయినా గుర్రు ఆపలేదు, తొక్కడమూ ఆపలేదు. చివరికి తను ఊపిరి పీల్చుకున్న సందులో కూడా ఆ గుర్రు వినిపిస్తూనే ఉంది. అది జాగరి గురక! చూస్తుండగానే మంచంతా సుడి తిరిగి ఆమె జుట్టులోకి చేరిపోయింది. కింద గంధవరంలో కోళ్ళన్నీ ఒక్కసారిగా కూశాయి.

జాగరిని పచ్చిక మీద మెల్లగా పడుకోబెట్టి పైడి కొండ దిగింది. వాకిట్లో నిలబడ్డ సన్యాసమ్మ కూతురిని చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఏటే, కళ్ళలా పీక్కుపోనాయి? రాత్రంతా నిద్దరోనేదేటి?"

పైడి తల్లి వేళ్ళు పట్టుకుని ఒక్కొక్కటీ తడిమి చూసుకుంది. ఆ వేళ్ళు గట్టిగా, వెచ్చగా ఉన్నాయి. నవ్వి, తల్లిని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, ఆ ఒళ్ళోనే తల పెట్టుకుని పడుకుంది.

మంచు వీడగానే లేచి, పైడి జాగరిని పడుకోబెట్టడం చూసిన గంధర్వులు వచ్చి చెబితే, చిత్రబాహు మహారాజు భేరీలు మోగించుకుంటూ పరివారంతో ఆ ఇంటికి వచ్చాడు.

"అమ్మా, ఇవాళ్టి నుంచి కొండసీమకు మీ అమ్మాయే ఏలిక. ఆమెను పిలవండి!"

సన్యాసమ్మ గుమ్మంలోకి వచ్చి నోటి మీద వేలుంచుకుంది.

"పిల్ల ఇప్పుడే పడుకుంది బాబూ. ఏలడం లేచినాక చూద్దారి. ముందా భేరీలు ఆపించండి."

మహారాజు చెప్పులు చేతపట్టుకుని, మునివేళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. కొండసీమ తన కొత్త ఏలిక నిద్ర లేచేదాకా చప్పుడు చేయకుండా కాచుకుని ఉంది.