నాలుగో పట్టు

"పదకొండున్నరకు లోపలికెళ్తావు. పన్నెండుకల్లా బయటుంటావు. మధ్యలో దొరికిపోతే మాత్రం నువ్వెవరో మాకు తెలియదు," అన్నారు మామగారు.

ఆఫీసులో అందరికీ ఆయన చీఫ్. నత్తకు మాత్రం పిల్లనిచ్చిన మామ. నత్త అన్నది అతని కోడ్ నేమ్. తొణక్కుండా, నిదానంగా పనిచేస్తాడని పదకొండేళ్ల కిందట ఆ పేరు పెట్టింది కూడా ఆయనే.

బ్రీఫింగ్ రెండు ముక్కల్లో ముగిసింది. విదేశీ ముఠా ఒకటి షిప్పింగ్ కంపెనీ ముసుగులో నడుస్తోంది. దాని సర్వర్ రూములో ఒక స్టోరేజ్ పెట్టె, అందులో ఒక డిస్కు. పరాయి దేశాల్లో మారుపేర్లతో బతుకుతున్న మనవాళ్లు నలభై ఒక్కమంది అసలు పేర్లు ఆ డిస్కులో ఉన్నాయి. సరిగ్గా పన్నెండుకు అవి శత్రువుకు వెళ్లిపోతాయి. వెళ్తే నలభై ఒక్క ఇళ్లలో దీపం ఆరినట్టే.

"డిస్కు ఒకటే. దాన్ని పంచుకునే సర్వర్లు మూడు. ఇవిగో పేర్లు," అని మామగారు ఒక కాగితం జరిపారు. "ఊరికే లాగేస్తే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు."

నిజమే, చెప్పక్కర్లేదు. ముగ్గురు కూర్చున్న బెంచీని లాగే ముందు ముగ్గుర్నీ లేపాలి. ప్రతి సర్వర్ లోనూ డిస్కును అన్‌మౌంట్ చేసి, డిటాచ్ చేసి, అంటే వాడకం ఆపించి, బంధం తెంచి, ఆ తర్వాతే పెట్టెలోంచి తియ్యాలి. ఒక్కటి పట్టుకుని ఉన్నా సరే, అది లేని డిస్కు కోసం పిలిచి పిలిచి కొయ్యబారిపోతుంది, అలారం మోగుతుంది. ఈ విద్య నేర్పిందీ మామగారే. 'కాగితాన్ని నమ్మకు, పెట్టెనే అడుగు' అని వందసార్లు చెప్పి ఉంటారు.

ఆయన బల్ల మీది కంప్యూటర్ పేరు పిచ్చుక. కూతుర్ని చిన్నప్పుడు అలా పిలిచేవారు. కొత్తగా ఏ మెషీన్ పెట్టినా మంచి శకునమని అదే పేరు.

"లోపల ముత్యం అని మన మనిషుంది. అటూ ఇటూ కూడా పనిచేస్తుంది. జాగ్రత్త బాబూ," అన్నారు చివర్లో.

నీలం కోటు, మెడలో మెయింటెనెన్స్ కార్డు, చేతిలో దొంగ అడుగున్న లంచ్ బాక్స్‌తో నత్త నాలుగో అంతస్తులో లిఫ్టు దిగాడు. బూడిదరంగు సూటు, చెవులకు ముత్యాలు, చూపు తిప్పుకోనివ్వని నవ్వు ఎదురుగా వచ్చాయి.

"గొడుగు తెచ్చారా?"

"వాన లేనప్పుడే తెస్తాను," అని నత్త గుర్తుమాట చెప్పాడు.

ఆమె కార్డు గీసింది. సర్వర్ రూము తలుపు తెరుచుకుని, అతను లోపలికెళ్లగానే మూసుకుంది.

పన్నెండు నిమిషాల్లో మూడు సర్వర్లూ బుద్ధిగా పట్టు వదిలేశాయి. టైము పదకొండూ నలభై ఆరు. నత్త డిస్కు పిడి మీద చెయ్యి వేశాడు. లాగితే పనైపోతుంది. కానీ పాత అలవాటు చెయ్యి పట్టుకుని ఆపింది. స్క్రీన్ ముందుకెళ్లి పెట్టెనే అడిగాడు: నిన్ను ఇంకా ఎవరు పట్టుకుని ఉన్నారు?

ఒక సర్వర్ అని వచ్చింది. కలిపింది ఈరోజు ఉదయం ఎనిమిదీ నలభైకి. పేరు పిచ్చుక.

నత్త ఆ పేరును మూడుసార్లు చదివాడు. కాగితం మీద ప్రింటు టైము తొమ్మిదిన్నర. అంటే నాలుగోదాన్ని తగిలించి, మూడే ఉన్నాయని కాగితం చేతికిచ్చి, జాగ్రత్త బాబూ అన్నారన్నమాట. పెళ్లిలో తన కాళ్లు కడిగిన మనిషి. జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చున్న మనిషి.

తలుపు తెరుచుకుంది. ముత్యం చెవి పోగు తీసి, అందులోని మైకును మడమ కింద నలిపేసింది.

"ఇంకా లాగలేదేం?" అంది. "మీరు లాగగానే అలారం మోగాలి, తలుపులు బిగుసుకోవాలి, నేను మిమ్మల్ని పట్టివ్వాలి. పేర్లమ్మిన దొంగ అల్లుడేనని మీ మామగారు ఫైలు మూసేస్తారు. పేర్లు వేరే దారిలో మళ్లీ వెళ్తాయి."

"మరి నాకెందుకు చెప్తున్నారు?"

"మీ తర్వాత వంతు నాదే. సాక్షిని ఎవరు బతకనిస్తారండీ?"

ఆ స్క్రీన్ నుంచే వెళ్లబోతే పిచ్చుక పాస్‌వర్డ్ అడిగింది. నత్త పెళ్లిరోజు తేదీ కొట్టాడు. ఏటా అది మరిచిపోయి మూడేసి రోజులు భార్య మౌనవ్రతం భరిస్తాడు. "నా పాస్‌వర్డే అదయ్యా, నీకు మాత్రం గుర్తుండదు," అని మామగారు ఏటా ఎగతాళి చేస్తారు. ఈసారి గుర్తుంది. లోపలికి రానిచ్చింది.

అన్‌మౌంట్ నొక్కాడు. కుదరదు, వాడుకలో ఉందంది. తలుపుల తాళాలు నడిపే వర్చువల్ మెషీన్, అంటే సాఫ్ట్‌వేర్‌తో కట్టిన ఉత్తుత్తి కంప్యూటర్, ఆ డిస్కు మీదే కాపురముంది. దాన్ని ఖాళీ చేయిస్తే గానీ పట్టు వదలదు. వేరే డిస్కుకు తరలించడం మొదలుపెట్టాడు. పదకొండూ యాభై రెండు.

నలభై శాతం. డెబ్బై. కారిడార్లో బూట్ల చప్పుడు. ముత్యం బయటికెళ్లి గార్డుతో ఏదో నవ్వుతూ మాట్లాడింది. తొంభై ఆరు దగ్గర తెర మీద పాకే గీత మొండికేసింది. నత్త కూడా మొండివాడే, పిడి ముట్టుకోలేదు. యాభై ఎనిమిదికి వంద. అన్‌మౌంట్. డిటాచ్. పెట్టెను మళ్లీ అడిగాడు. ఎవరూ లేరంది.

పదకొండూ యాభై తొమ్మిది నిమిషాల నలభై సెకన్లకు డిస్కు లంచ్ బాక్స్ అడుగుకు చేరింది. ఒక్క లైటూ రెప్పవేయలేదు. తలుపు మర్యాదగా తెరుచుకుంది. ముత్యం కనిపించలేదు. ఆమె ఎటువైపో చివరిదాకా తేలనేలేదు.

రోడ్డు మీదికి వచ్చి, మామగారికి పై అధికారి అయిన డైరెక్టర్‌కు ఫోన్ చేసి మొత్తం చెప్పాడు.

"మనుషుల్ని పంపిస్తున్నాను. ఇప్పుడే లాక్కొస్తారు," అందావిడ.

"కాపలా పెట్టండి మేడమ్, కానీ ఒక్క గంట ఆగండి. ఉన్నపళంగా లాగేస్తే ఇల్లు కొయ్యబారిపోతుంది. ఆయన్ని పట్టుకుని ఇద్దరున్నారు. మా అత్తయ్య, నా భార్య. ముందు వాళ్లకు నేను చెప్పాలి."

"ఇద్దరేనా?"

"ఇద్దరే."

ఫోన్ పెట్టగానే మళ్లీ మోగింది. తెర మీద 'మామయ్య' అని ఉంది. ఎత్తలేకపోయాడు, కట్ చేయలేకపోయాడు. డైరెక్టర్‌కు చెప్పిన లెక్క కూడా తప్పే. మూడోవాడు లంచ్ బాక్స్ చంకన పెట్టుకుని, మోగుతున్న ఫోన్ పట్టుకుని, ఫుట్‌పాత్ మీద నిలబడి ఉన్నాడు.