ఉప్పుకొలను విడిదిలో ఒక్క రోజు

కుంతలగిరి రాజ్యంలో ఒక ఏడాది విషజ్వరం వచ్చింది. పోతూ పోతూ అది ప్రతి ఇంటినుంచీ ఒకరిని వెంట తీసుకుపోయింది. జ్వరం పోయాక మనుషుల మాటలు తగ్గిపోయాయి. జనం పనులు చేసుకునేవారు, వేళకు తినేవారు. పోయినవాళ్ళ పేర్లు మాత్రం ఎవరూ ఎత్తేవారు కాదు.

ఆ రోజుల్లోనే ఒక మాట ఊరూరా పాకింది. పడమటి అడవి దాటితే ఒక ఉప్పుకొలను ఉందట, దాని ఒడ్డున ఒక విడిది ఉందట, అక్కడ ఒక్క రోజు గడిపితే గుండెలో బరువు దిగిపోతుందట. ముందుగా, పసికొడుకును పోగొట్టుకున్న మహారాణి పల్లకీలో వెళ్ళింది. ఆమె వెనక నేతగాళ్ళు వెళ్ళారు, రైతులు వెళ్ళారు. ఒక్కరూ తిరిగి రాలేదు. మూడేళ్ళు గడిచాయి. పొలాలు బీడుపడ్డాయి, మగ్గాలకు బూజు పట్టింది. రాజు సైనికులను పంపితే వాళ్ళూ అక్కడే ఉండిపోయారు. చివరికి, రాణిని వెనక్కి తెచ్చినవారికి అర్ధరాజ్యం ఇస్తానని రాజు చాటింపు వేయించాడు.

కుమ్మరి ఓబులయ్య కూతురు వరాలుకు పదమూడేళ్ళు. ఆమెకు అర్ధరాజ్యం అక్కర్లేదు, అమ్మ కావాలి. జ్వరంలో వరాలు చెల్లెలు గురివి పోయింది. ఆ తర్వాత నెల తిరక్కుండానే తల్లి నాంచారమ్మ "ఒక్క రోజు ఉండొస్తా" అని చెప్పి వెళ్ళిపోయింది.

"నేను పోయి అమ్మను తీసుకొస్తానయ్యా" అంది వరాలు.

ఓబులయ్య మట్టి లేని సారెను ఊరికే తిప్పుతున్నాడు. "వస్తుందంటావా?"

"అడుగుతా."

"రానంటే?"

వరాలు దారికి అటుకుల మూట కట్టుకుంది. నిజానికి అమ్మ రానంటుందేమోనన్న భయం కంటే, వచ్చాక ఏమంటుందోనన్న భయమే ఆమెకు ఎక్కువగా ఉంది. ఆ భయం ఎందుకో తండ్రికి తెలియదు.

మూడు రోజులు అడవిలో నడిచాక ఒక ఏరు అడ్డం వచ్చింది. ఒడ్డున ఒక రాక్షసి కూర్చుని పేలు చూసుకుంటోంది.

"ఏమే పిల్లా, కుంతలగిరి దానివేనా?"

"అవునవ్వా."

"అయితే నిన్ను తిననులే. మూడేళ్ళుగా మీ వాళ్ళందరూ ఒకటే చేదు. ఒక సిపాయిని కాస్త కొరికి వదిలేసి, నోరు కడుక్కోడానికి సగం ఏరు తాగాను. నన్ను ఎత్తుకుని అవతలికి దాటించు. నీ దారిన నువ్వు పో."

వరాలు ఆమెను వీపున వేసుకుంది. మొదట దూది మూటలా ఉంది. నీళ్ళు మోకాళ్ళు దాటాక రాక్షసి అడిగింది. "బరువుగా ఉన్నానా?"

"లేదవ్వా."

మాట పూర్తికాకముందే వీపు మీద బరువు రెట్టింపయింది. నీళ్ళు నడుముకు వచ్చాయి. "ఇప్పుడో?"

"ఏం లేదవ్వా, బాగానే ఉంది."

ఈసారి బండరాయిని ఎత్తుకున్నట్టయింది. నీళ్ళు గొంతు దాకా వచ్చాయి. ఇన్నాళ్ళూ "ఎలా ఉన్నావే?" అని అయ్య అడిగినప్పుడల్లా తాను ఇదే జవాబు చెబుతున్నట్టు వరాలుకు అప్పుడు తోచింది. రాక్షసి మూడోసారి అడిగింది.

"బరువుగా ఉన్నావవ్వా. నేను మొయ్యలేకపోతున్నా" అంది వరాలు.

చిటికెలో వీపు తేలికయింది. "ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా. ఇంకో రెండడుగులు పడితే నా జుట్టు తడిసేది" అని రాక్షసి అవతలి ఒడ్డున దిగి, పేలు చూసుకోవడంలో పడింది.

ఏరు దాటాక చెట్లు లేవు. చూసినంత మేరా తెల్లటి పొర కట్టిన బురద. అందులో గులాబి రెక్కల కొంగ ఒకటి నిలబడి ఉంది.

"ఆగు. ఈ బురద మనిషిని నిలువునా మింగుతుంది" అంది కొంగ. "గట్టినేల ఎక్కడుందో నాకు తెలుసు. నేను దారి చూపిస్తే, ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటి నాకు కూలిగా చెప్పాలి."

 వరాలు మెల్లగా చెప్పింది. "ఆ మధ్యాహ్నం మా చెల్లి దగ్గర నన్ను కూర్చోబెట్టి అమ్మ వైద్యుడి కోసం పరిగెత్తింది. నిద్రపోకే, నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ ఉండు అంది. నేను నిద్రపోయాను. లేచేసరికి గుడ్డ ఎండిపోయి ఉంది."

"చెల్లి?"

"చల్లగా ఉంది."

"అమ్మ ఏమంది?"

"ఏమీ అనలేదు. ఆ గుడ్డ ఉతికి దండెం మీద ఆరేసింది."

 "నా అడుగులో అడుగు వెయ్యి" అని కొంగ ముందు నడిచింది.

కొలను ఒడ్డున విడిది నిజంగానే అందంగా ఉంది. తాటాకు పందిళ్ళు, వాటి కింద ఉయ్యాలలు, మెత్తటి చాపలు. నీళ్ళలో జనం వెల్లకిలా పడుకుని తేలుతున్నారు. ఈత రానివాళ్ళు కూడా మునగడం లేదు. ఆ ఉప్పునీరు వాళ్ళను పరుపులా మోస్తోంది. ఒక పందిట్లో మహారాణి నేతగాడి భార్యతో అచ్చనగాయలాడుతోంది. నడినెత్తి నుంచి కాస్త ఒరిగిన సూర్యుడు అక్కడే ఆగి ఉన్నాడు.

విడిది కాపరి మజ్జిగ ముంతతో ఎదురొచ్చాడు. మర్యాదగల మనిషి.

"వీళ్ళను ఎందుకు కట్టిపడేశారయ్యా?" అంది వరాలు.

"నేనెవరినీ కట్టలేదమ్మా. చూడు, మా వాకిలికి తలుపే లేదు. ఒక్క రోజు ఉంటామని వచ్చారు. ఆ రోజు ఇంకా అయిపోలేదు."

నాంచారమ్మ నీళ్ళలోంచి లేచి వచ్చింది. మొహంలో ఒక్క ముడత లేదు. వరాలును చూసి హాయిగా నవ్వింది. "ఎవరమ్మా నువ్వు? ఎండన పడి వచ్చినట్టున్నావు. రా, నీళ్ళలోకి రా."

"మీకు పిల్లలు లేరా?" అని అడిగింది వరాలు.

"లేరమ్మా. నీలాంటిది ఒకతె ఉంటే బాగుండేది."

నాంచారమ్మ ఆమె వీపు కింద చెయ్యి పెట్టి నీళ్ళ మీద తేలడం నేర్పింది. "భయపడకు, నేను పట్టుకున్నాలే" అంది. ఒడ్డుకు వచ్చాక జుట్టులో ఉప్పు దులిపి జడ వేసింది. ఉయ్యాల ఊపింది. ఇంట్లో ఏనాడూ తీరిక దొరకని తల్లి ఇక్కడ రోజంతా తనదే. పైగా ఈ అమ్మకు వరాలు మీద ఏ కోపమూ లేదు. ఇక్కడ గురివి లేదు, ఎండిపోయిన గుడ్డా లేదు. ఇలాగే ఉండిపోతే ఏం? వరాలు కళ్ళు మూసుకుంది. ఎంతసేపు గడిచిందో ఆమెకు తెలియదు. పందిరి గుంజ నీడ మాత్రం కదల్లేదు.

అనుకోకుండా గురివి నవ్వు గుర్తొచ్చింది. ముందు పన్ను ఒకటి ఊడి ఉండేది. కుడివైపుదా, ఎడమవైపుదా? ఎంత వెతికినా తెలియలేదు. వరాలు దిగ్గున లేచి కూర్చుంది.

అప్పుడే భోజనాలు వడ్డించారు. అన్నం, పప్పు, కూర, అన్నీ చప్పిడి. ఎవరూ పట్టించుకోకుండా తింటున్నారు. వరాలు ఒడ్డుకు వెళ్ళి రాతి మీద పేరుకున్న ఉప్పును గోళ్ళతో గీకి తెచ్చుకుంది.

"ఏదీ, నాకూ ఇంత పెట్టు" అని నాంచారమ్మ అరచెయ్యి చాపింది.

కుంతలగిరిలో ఏ ఇంట్లోనూ ఉప్పు చేతికి ఇవ్వరు. ఇస్తే ఇచ్చినవాళ్ళకూ పుచ్చుకున్నవాళ్ళకూ పోట్లాట వస్తుందంటారు. కింద పెడితే రెండోవాళ్ళు తీసుకుంటారు. వరాలు చెయ్యి గాలిలో ఆగింది. అమ్మ తనతో పోట్లాడితే అది దేని గురించో ఆమెకు తెలుసు. మూడేళ్ళుగా తప్పించుకు తిరుగుతున్నది ఆ పోట్లాట నుంచే.

ఉప్పు తీసుకెళ్ళి తల్లి అరచేతిలో పెట్టింది.

నాంచారమ్మ చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఏమే, ఉప్పు చేతికిస్తావా? ఎన్నిసార్లు చెప్పానే నీకు?"

అని ఆగిపోయింది. అరచేతిలోని ఉప్పును చూసింది. "ఎన్నిసార్లు..." అని మెల్లగా అంది. "నీకు చెప్పాను. గురివికీ చెప్పాను. అది వినేది కాదు."

మొహం మీదికి ఒక్కొక్క ముడతే తిరిగొచ్చింది. 

"నిద్రపోవద్దన్నాను కదే."

"అన్నావమ్మా."

"ఒక్క పని చెప్పాను. తడిగుడ్డ మార్చమన్నాను."

"నిద్రపోయానమ్మా."

"ఎందుకు పోయావే?"

"రెండు రోజులుగా నిద్ర లేదమ్మా. అప్పటికి నాకు పదేళ్ళమ్మా."

నాంచారమ్మ కొట్టడానికి చెయ్యెత్తింది. ఆ చెయ్యి దిగి వరాలును దగ్గరికి లాక్కుంది. ఇద్దరూ గట్టిగా, సిగ్గు లేకుండా ఏడ్చారు. ఆ ఒడ్డున ఏడుపు వినబడటం అదే మొదలు. ఉయ్యాలలు ఆగాయి. గుంజ నీడ జానెడు జరిగింది.

మహారాణి చేతిలో అచ్చనగాయలు జారిపోయాయి. "అదేమిటి, పొద్దు వాలుతోంది?" అంది. తర్వాత చనిపోయిన కొడుకును పేరు పెట్టి పిలిచింది. ఆ పక్కన ఇంకెవరో ఇంకో పేరు పిలిచారు. ఒడ్డు పొడుగునా పేర్లు, ఏడుపులు. విడిది కాపరి ఎవరినీ ఆపలేదు. "రోజు అయిపోయింది" అని చాపలు చుట్టసాగాడు.

మహారాణితో పాటు అందరూ కుంతలగిరికి తిరిగొచ్చారు. రాజు మాట తప్పలేదు. పెద్దయ్యాక వరాలు ఆ సగం రాజ్యాన్ని చక్కగా ఏలింది. ఆమె ఏలుబడిలో జనం పోయినవాళ్ళ గురించి అన్నాల దగ్గర కూర్చుని మాట్లాడుకునేవారు, మధ్యలో నవ్వేవారు కూడా. అయితే తిరుగుదారిలో జరిగిన ఒక చిన్న సంగతి మీకు చెప్పకుండా ఉండలేను.

బురదనేల దాటి అడవిలోకి వచ్చేదాకా నాంచారమ్మ కూతురితో ఒక్క మాటా ఆడలేదు. ముందు నడిచింది. మర్నాడు ఎండ ముదిరాక ఒక చింతచెట్టు కింద కూలబడింది.

"నీ మీద నాకు కోపం వస్తూనే ఉంటదే. ఎప్పటికి పోతుందో తెలీదు."

"రానీలే అమ్మా."

తల్లి ఆమె పాదాల వంక చూసింది. "కాళ్ళు వాచాయి. కాసేపు నిద్రపో."

వరాలు కదల్లేదు. ఆ మాట తల్లి నోట వినడానికే ఆమెకు భయమేసింది.

నాంచారమ్మ నేల మీద ఆకులు పక్కకు నెట్టి, కొంగు పరిచింది.

"పడుకోవే" అంది. "నేను మేలుకునే ఉంటా."