సన్నజాజి దిద్దిన సామెతలు

లిఫ్టు తలుపులు తెరుచుకునేసరికి అకౌంటెంట్ నిలబడే చచ్చిపోయి ఉన్నాడు. ఉదయం రద్దీలో జనం కిక్కిరిసి ఉండటంతో పడటానికి కూడా చోటు దొరకలేదు. అందరూ దిగిపోయాక గోడకు జారి మెల్లగా కూలబడ్డాడు. మెడ మీద దోమ కుట్టినంత మచ్చ. చేతిలో ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది.

ఆ కబురు అందగానే డిపార్ట్‌మెంట్ పెద్దాయన సోడాబుడ్డిని పిలిపించాడు.

దళసరి కళ్ళద్దాల వల్ల వచ్చిన పేరది. చూస్తే బ్యాంకు క్యూలో మన ముందు నిలబడి, చలానా నింపడానికి పెన్ను అడిగే మనిషిలా ఉంటాడు. గూఢచారికి అంతకంటే మంచి మారువేషం లేదని పెద్దాయన నమ్మకం.

"అకౌంటెంట్ మనవాడే," అన్నాడు పెద్దాయన. "ఏడాదిగా ఒక గ్రూపులో కూర్చోబెట్టాం. ఇప్పుడు ఆ కుర్చీ నీది."

గ్రూపు పేరు 'దింపుడుకళ్లం ఆశ'. క్రిప్టో కాయిన్లు కొని, ధర పడిపోయాక కూడా లేస్తుందేమోనని కాచుకుని కూర్చున్నవాళ్ళ గ్రూపు. పొద్దున లేస్తే పెట్రోలు ధర, కొత్త పన్ను, ఎక్కడో జరుగుతున్న యుద్ధం, పక్కింటాయన కొన్న కారు, అన్నీ అక్కడే నలుగుతాయి. ఆ కబుర్ల మధ్యలోనే 'అద్దం' అనే విదేశీ ముఠా తన మనుషులకు ఆర్డర్లు పంపుతోందని డిపార్ట్‌మెంట్ అనుమానం. త్వరలో రేవు పక్కనున్న పెద్ద హాల్లో ఆర్థిక సదస్సు జరగబోతోంది. అక్కడ ఏదో చేస్తారు. ఏమిటో, ఎవరో తెలియదు.

"ఒక్క పేరు మాత్రం ఉంది," అన్నాడు పెద్దాయన. "సన్నజాజి. ఇన్వెస్టర్ల పార్టీలన్నీ ఆవిడే నడుపుతుంది. దగ్గరవ్వు."

కింద వర్క్‌షాప్‌లో మెకానిక్ రెండు వస్తువులు చేతిలో పెట్టాడు. కెమెరా బిగించిన కళ్ళజోడు ఒకటి. రెండోది పెన్ను. దాని మూత తిప్పితే హాలంత మేర ఫోన్లన్నీ మూగబోతాయి. అవతలివాళ్ళవే కాదు మనవీ పోతాయి, జాగ్రత్త అని మెకానిక్ మరీ మరీ చెప్పాడు.

'ఆలస్యం' అన్న పేరుతో అతను గ్రూపులో చేరాడు. అదేం పేరని ఎవరో అడిగితే, ఏది కొన్నా ధర పెరిగాకే కొంటానని జవాబిచ్చాడు. అందరూ నవ్వారు. అందరికంటే ముందు సన్నజాజి రాసింది: "కంగారు పడకండి ఆలస్యం గారూ. ఇక్కడ ముందొచ్చినవాళ్ళు కూడా వీధిలోనే ఉన్నారు."

అలా మొదలైంది. మంత్రి గారి ప్రసంగం మీద ఆవిడ ఒక చెణుకు విసిరితే అతను ఒకటి తగిలించేవాడు. అతను మార్కెట్ గురించి ఏదో పెద్ద జోస్యం చెబితే ఆవిడ నాలుగు మాటల్లో గాలి తీసేసేది. ఉద్యోగంలో భాగమే కదా అనుకున్నాడు. కానీ ఉద్యోగంలో భాగమైన పనికి ఎవరూ అద్దం ముందు నిలబడి జుట్టు సర్దుకోరు. ఇంట్లో అక్క అది కనిపెట్టేసింది. అన్నం ముందు కూర్చుని ఫోను చూసి నవ్వుతున్నాడని రెండు మూడుసార్లు ఊరుకుని, ఓ రోజు అడిగేసింది.

"ఎవర్రా ఆ పిల్ల?"

"షేర్ల గొడవ అక్కా."

"షేర్ల గొడవైతే ఏడవాలి గానీ, నవ్వుతావేంరా?"

భార్య విడిచి వెళ్ళాక ఆ ఇంట్లో తమ్ముడు నవ్వడం అక్క చూడటం అదే మొదలు.

గ్రూపులో అందరికీ ఇష్టమైన మనిషి ఇంకొకరున్నారు. ఆయన పేరు మామయ్య. రోజుకో సామెత చెప్పి, దాన్ని తప్పు చెప్పడం ఆయన అలవాటు. "అత్త సొమ్ము మంత్రి దానం" అనేవాడు. పిల్లకాయలంతా విరగబడి నవ్వేవాళ్ళు. సన్నజాజి మాత్రం వెంటనే "అల్లుడు దానం, మామయ్యా" అని దిద్దేది. పెద్దవాడు, కళ్ళజోడు మార్చుకోవాలేమోనని అందరూ జాలిపడేవాళ్ళు.

ఓ మధ్యాహ్నం పాత మెసేజులు తిరగేస్తుంటే సోడాబుడ్డి చెయ్యి ఆగిపోయింది. అకౌంటెంట్ చనిపోవడానికి ముందు రోజు మామయ్య పెట్టిన సామెత: "గోరుచుట్టు మీద లిఫ్టుపోటు." కింద సన్నజాజి: "రోకటిపోటు, మామయ్యా."

మొత్తం మొదటినుంచీ చదివాడు. ప్రతి సామెతలోనూ ఒక్క మాట మారింది. మారిన మాటే ఆర్డరు. దిద్దుబాటు అంటే 'అందింది' అని రసీదు. ఏడాది పొడుగునా అలా రసీదులిచ్చింది ఒక్కరే.

మంత్రి. అంటే గురి ఆర్థిక మంత్రి. మిగతాది ఊహించడం కష్టం కాలేదు. ఆయన సదస్సులో నేలకొరిగితే దేశం కరెన్సీ కుప్పకూలుతుంది. భయంతో జనం డబ్బంతా కాయిన్లలోకి మళ్ళిస్తారు. ఆ కాయిన్లు ముందే కొని గుట్ట పోసుకున్నది 'అద్దం' ముఠా.

ఆ సాయంత్రం మామయ్య కొత్త సామెత వదిలాడు: "కందకు లేని దురద గడియారానికెందుకు?" సన్నజాజి దిద్దింది: "కత్తిపీటకెందుకు."

సదస్సు హాల్లో వేదిక పైన పెద్ద గోడ గడియారం ఉంది.

అతను రిపోర్టు రాశాడు. ఎక్కడా ఒక్క మాట కొట్టేయాల్సి రాలేదు, అందుకే తనమీద తనకే అసహ్యం వేసింది. పెద్దాయన చదివి, బాగుంది అని సొరుగులో పెట్టాడు. అరెస్టు ఎప్పుడని అడిగితే, సదస్సు కానీ అన్నాడు. ఆయన మొహంలో ఏ భావమూ లేదు. ఆయన మొహంలో ఎప్పుడూ ఉండదు.

సదస్సుకు ముందు రోజు సన్నజాజి అతన్ని కాఫీకి పిలిచింది. పార్టీల్లో మెరిసే పట్టుచీర, ముత్యాల దండ లేవు. వెలిసిన నూలు చీరలో, జుట్టు ముడేసుకుని వచ్చింది. ఆవిడ అందం గురించి ఊళ్ళో చెప్పుకునేదంతా తక్కువేనని అతనికి ఆ రోజే తెలిసింది. కాసేపు వడ్డీ రేట్ల గురించి, కాసేపు కొత్త ఫ్లైఓవర్ గురించి మాట్లాడుకున్నారు. తర్వాత ఆవిడ కప్పు పక్కకు జరిపింది.

"రేపటితో ఇదంతా మానేద్దామనుకుంటున్నాను. సిగ్నలే అందని ఊరేదైనా చూసుకుని పోవాలి. ఒక్కదాన్నే అయితే తోచదు."

అతను చల్లారిన కాఫీని చెంచాతో తిప్పాడు.

"మీ కళ్ళజోడు చాలా బరువుగా ఉన్నట్టుంది," అంది ఆవిడ, నేరుగా కెమెరాలోకి చూస్తూ. "అది తీసి బల్ల మీద పెట్టి, ఒక్క మాట అడగండి నన్ను. ఏదడిగినా చెప్తాను."

తన సంగతి ఆవిడకు తెలిసిపోయింది. అంతా తెలిసే ఇన్నాళ్ళూ నవ్వించింది. అతని చెయ్యి కళ్ళజోడు దాకా వెళ్ళింది. కానీ ఆ లిఫ్టు, ఆ దోమకాటు మచ్చ, ఆ 'రోకటిపోటు' గుర్తొచ్చాయి. కళ్ళజోడు సర్దుకుని చెయ్యి దించేశాడు.

"సరే," అంది ఆవిడ. కోపంగా కాదు. బస్సు తప్పిపోయినవాళ్ళు అన్నట్టుగా. ఆ వెంటనే లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు హాల్లో ఇసక వేస్తే రాలనంత జనం. బాంబు స్క్వాడ్ తెల్లవారకముందే గోడ గడియారం విప్పి చూసింది. అందులో ముళ్ళు, పళ్ళచక్రాలు, పాత బల్లి గుడ్డు తప్ప ఏమీ లేవు. మామయ్య తప్పుదారి పట్టించాడు. ఎక్కడో లీకవుతోందని అనుమానించి, కావాలనే గడియారం మాట వదిలాడు.

సదస్సు వాయిదా వేయమంటే మంత్రి గారి సెక్రటరీ వినలేదు. విదేశీ ప్రతినిధుల ముందు పరువు పోతుందట. స్వాగత వాద్యం ఆగింది. మంత్రి కుర్చీలోంచి లేచారు.

అప్పుడు జేబులో ఫోను కదిలింది. గ్రూపులో ఎవరో మంత్రి గారి ప్రసంగం ఈసారీ గంట దాటుతుందని పందెం కాస్తున్నారు. దాని కింద సన్నజాజి మెసేజు.

"ఆడలేక మైకు ఓడు అన్నాట్ట."

మద్దెల. మద్దెల ఓడు కదా. తప్పు సామెతలన్నీ దిద్దే మనిషి తప్పు రాసింది. ఏడాదిలో మొదటిసారి, అందరూ చూస్తుండగా, అవతలివాళ్ళు కూడా చూస్తుండగా.

ఆలోచించే వ్యవధి లేదు. పెన్ను మూత తిప్పాడు. హాల్లో ఫోన్లన్నీ ఒక్కసారిగా మూగబోయాయి. మెట్లెక్కి వేదిక మీదకు దూకాడు. గార్డులు మీద పడే లోపే మంత్రి నోటి ముందున్న మైకును స్టాండుతో సహా పెకలించి, పక్క తలుపులోంచి రేవు వైపు పరుగెత్తాడు. అడుగు భాగం ఉండాల్సినదానికంటే బరువుగా ఉంది. దాన్ని నీళ్ళలోకి విసిరాడు. నీళ్ళు ఒక్క క్షణం నిశ్చలంగా ఉండి, తర్వాత తాటిచెట్టంత ఎత్తు లేచాయి.

ఫోను మీద ఆధారపడకుండా లోపల టైమరు కూడా పెట్టారన్నమాట. ఇంకో ఊపిరి ఆలస్యమైతే మంత్రితో పాటు ముందు వరసలన్నీ పోయేవి.

తడిసిన చొక్కాతో తిరిగొచ్చి పెన్ను మూత వెనక్కి తిప్పాడు. ఫోను బతికింది. ఇందాకటి నుంచీ గాలిలో ఆగిపోయిన మెసేజు ఒకటి వచ్చి పడింది. ఈసారి గ్రూపులో కాదు, అతనికే.

"మామయ్య నా పక్కనే. బాల్కనీ. త్వరగా రండి."

అతను బాల్కనీకి ఎలా చేరాడో అతనికే గుర్తులేదు. దారిలో, మెట్ల మీద, తెల్లటోపీ పెట్టుకున్న ఓ ముసలాయన రెయిలింగ్ పట్టుకుని నెమ్మదిగా దిగుతూ ఎదురయ్యాడు. పెళ్ళిళ్ళలో పిల్లల చేతుల్లో చాక్లెట్లు పెట్టే మనిషిలా ఉన్నాడు. మామయ్య ఇతనేనని తోచి, పట్టుకోమని కింద మఫ్టీ పోలీసులకు సైగ చేసి సోడాబుడ్డి పైకే పరుగెత్తాడు. వాళ్ళు పట్టుకున్నారు. టోపీ అంచులో సూది దొరికింది.

సన్నజాజి చివరి వరసలో కూర్చుని ఉంది, ప్రసంగం విసుగొచ్చి తల వాల్చినట్టు. మెడ మీద చిన్న మచ్చ. కళ్ళు తెరిచే ఉన్నాయి. అంబులెన్స్ కోసం అరిచి, ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. అప్పటికే చల్లబడుతోంది.

"పక్కన కూర్చున్నాక గానీ చెప్పలేదు ఆ మహానుభావుడు, మైకు సంగతి," అంది. మాట ముద్దగా వస్తోంది. "మంత్రి?"

"బతికే ఉన్నారు."

"మీ రిపోర్టు పెద్దాయన చదివి వినిపించారు. ఒక్క అచ్చుతప్పు లేదట."

అప్పటికి అర్థమైంది. ఆవిడ డిపార్ట్‌మెంట్ మనిషి. మొదటినుంచీ. ఇచ్చిన ప్రతి రసీదూ పెద్దాయన అనుమతితోనే.

"నాకు తెలీదు," అన్నాడు.

"తెలియకూడదు. అదేగా ఉద్యోగం." కాస్త ఆగి, "రెండో మెసేజు అందిందా?"

అబద్ధాలు చెప్పడం అతని వృత్తి. ఏ దేశపు అధికారి ముందైనా కంటి రెప్ప కదలకుండా చెప్పగలడు. ఆ ఒక్కసారి అబద్ధం రాలేదు.

"ఇప్పుడే," అన్నాడు.

ఆవిడ నవ్వబోయింది. నవ్వు పూర్తి కాలేదు. అతను కళ్ళజోడు తీసి పక్కన పడేశాడు. అది లేకపోతే అతనికి ఏదీ సరిగ్గా కనిపించదు, ఆవిడ మొహం కూడా. అయినా అంబులెన్స్ వాళ్ళు వచ్చి వేళ్ళు విడదీసేదాకా అలాగే కూర్చున్నాడు.

పెద్దాయన మరునాడు ఆఫీసులో అంతా వివరంగా చెప్పాడు. ఆవిడకు అటువైపు అకౌంటెంట్ ఒక్కడే తోడట; లిఫ్టు ఆర్డరు అతని కోసమేనని ఆవిడకు ముందు తెలియలేదట. అతను పోయాక వెనక్కి వచ్చేయమంటే, సదస్సు దాకా ఉంటానని ఆవిడే పట్టుబట్టిందట.

"నాతో ఒక్క మాట అని ఉండాల్సింది," అన్నాడు సోడాబుడ్డి.

"అంటే నీ మొహంలో తెలిసిపోయేది. మామయ్య మనుషులు ఆ కాఫీ షాపులోనే, మాటలు వినపడనంత దూరంలో, మీ మొహాలే చూస్తూ కూర్చున్నారు. నువ్వు ఆవిణ్ణి అనుమానిస్తున్నావు కాబట్టే వాళ్ళు నమ్మారు." పెద్దాయన కాసేపు పేపరువెయిట్‌ను అటూ ఇటూ తిప్పాడు. "నన్ను తిట్టాలనుంటే తిట్టు. అలవాటే."

తిట్టలేదు. ఇంటికి వెళ్ళాడు. అక్క అన్నం పెట్టింది. కలిపి, ముద్ద చేసి, మళ్ళీ కంచంలోనే పెట్టేశాడు. ఏమైందని అక్క అడగలేదు. ఎదురుగా కూర్చుని, కంచం తీయకుండా అలాగే ఉండిపోయింది. చాలాసేపటికి, "ఆ పిల్లేనా?" అంది. అతను తలూపాడు. ఆవిడ లేచి వచ్చి, చిన్నప్పుడు జ్వరమొస్తే చేసినట్టు, తల మీద చెయ్యి వేసి నిలబడింది.

డిపార్ట్‌మెంట్ ఆదేశం ప్రకారం అతను గ్రూపులోంచి బయటికి రాకూడదు. 'అద్దం' మనుషులు ఇంకా కొందరు అందులోనే ఉన్నారు, ఎవరు తప్పుకుంటారో ఎవరు మౌనంగా ఉంటారో కనిపెడుతున్నారు. కాబట్టి ఫోను తీశాడు. గ్రూపు ఎప్పటిలాగే కళకళలాడుతోంది. కరెన్సీ నిలబడింది, కాయిన్ పాతాళానికి పోయింది. మంత్రి గారు బతికారు, మనమే పోయామని ఎవరో రాశారు. మామయ్యకు జ్వరమేమో, సామెత రాలేదని ఇంకొకరు బెంగపడ్డారు. సన్నజాజి గారు కూడా కనిపించడం లేదేమిటని మరొకరు అడిగారు.

"ధర పడుతుందని ముందే కనిపెట్టి, అంతా అమ్ముకుని చెక్కేసి ఉంటారు. మనలాగా వెర్రివాళ్ళా ఆవిడ?"

దాని కింద వరసగా నవ్వు బొమ్మలు మొదలయ్యాయి. పది మంది పెట్టారు, ఇరవై మంది పెట్టారు. తను ఒక్కడే పెట్టకపోతే అనుమానం వస్తుంది. కళ్ళు తుడుచుకుని, వెతికి, అన్నిటికంటే పెద్దగా నవ్వుతున్న బొమ్మ ఒకటి చూసి అతను కూడా పెట్టాడు.